చెవులకొండ రిజిస్టరులో నాలుగో గడి

గుండ్లవారిపాలెం, అద్దంకి దగ్గర
12 జనవరి 2025

బావ రహమాన్‌కు సలాం.

1986 మే నెలలో, మద్దుల వాగులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నువ్వు నాకొక మాట ఇచ్చావు. "ఈ పదకొండు చెట్లనీ నేను బతికుండగా ఎవడూ ముట్టడు బావా, పీర్ల మీద ఒట్టు" అన్నావు. అప్పుడు నువ్వు పొగాకు కాల్చే బేరన్లకు కట్టెలు తోలే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీవి. చెవులకొండకు గుండు గీసి బేరన్ల పొయ్యిలో పెట్టిన పుణ్యాత్ముడివి. వాగులో మిగిలిన ఆ నల్లమద్దులనైనా వదిలెయ్యమని అడిగాను. ఒట్టు వేశావు. ఏడాది తిరక్కుండానే అక్కడ పదకొండు మోళ్ళున్నాయి. ఒట్టు తప్పినవాడికి కళ్ళు పోతాయంటారు. నీకు చెవులు పోయాయి. పీర్ల గురి కాస్త తప్పింది.

ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు. ఫోను చేస్తే నీ చెవి మిషను కీచుమంటుంది, నేను అరుస్తాను, మా వీధి మొత్తానికి మన సంగతులు తెలుస్తాయి. అందుకని రాస్తున్నాను.

చెవులకొండలో మూడొందల ఎకరాలు కావాలని ఒక గ్రానైట్ కంపెనీ అర్జీ పెట్టింది. కొండ అటవీ శాఖది. "చెట్టూ చేమా లేని బోడికొండ, తవ్వితే పోయేదేముంది" అని వాళ్ళ వాదన. మా హైస్కూల్లో సైన్సు చెప్పే కోటేశ్వరి ఇంకొక దారి కనిపెట్టింది. కొండ మీద ఏయే ప్రాణులు, ఏయే చెట్లు ఉన్నాయో ఊరివాళ్ళే ఒక రిజిస్టరులో రాసి, గ్రామసభలో ఒప్పుకుని, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి పంపితే, దాన్ని కాపాడవలసిన చోటుగా ప్రకటించమని అడగవచ్చట. సభ మార్చి 16న. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకిచ్చింది. ఇరవై ఏళ్ళు గ్రంథాలయం నడిపినవాడికి ఊరు ఇచ్చిన మొదటి మర్యాద ఇది.

రిజిస్టరుకు మూడు గడులు గీసిచ్చింది. ఏం చూశారు, ఎక్కడ, ఎప్పుడు. నాలుగోది నేను చేర్చాను. "ఆ సమయంలో మీరు అక్కడ ఏం చేస్తున్నారు?"

"ఇదెందుకు తాతయ్యా?" అంది.

"శాస్త్రీయంగా ఉంటుందమ్మా" అన్నాను.

బావా, జనానికి సాక్షి అనిపించుకోవడమంటే ఎంత సరదానో నాకు ఇప్పుడు తెలిసింది. మిరపకాయలు కల్లంలో ఆరబోసి మరీ వస్తున్నారు. ఆదెయ్య ఏదుపందిని చూశాడు. అప్పుడేం చేస్తున్నావంటే, "కొండ అంచున గ్రావెలు ట్రాక్టరుకి ఎత్తుతున్నా" అన్నాడు. రాశాను. షమీమ్ నక్షత్ర తాబేలును చూసింది. "దొంగతనంగా సీతాఫలాలు కోసుకుంటున్నా మామా, దాపరికం ఏముంది, రాసుకో" అంది. రాశాను. ఒకాయన తెల్లవారుజామున దేవాంగపిల్లిని చూశాడు, ఏం చేస్తున్నాడో మాత్రం చెప్పనన్నాడు. "ఒంటరిగా లేరు" అని రాశాను. వాళ్ళావిడకు చదువు వచ్చు.

మద్దుల వాగు పేజీ మాత్రం నేనే నింపాను. "ఏమీ లేదు. పదకొండు మోళ్ళు."

ఎనభైల్లో ఆ కొండ మీద ఏముండేదో నీకంటే తెలిసినవాడు లేడు, నరికింది నువ్వే కదా. సభకు వచ్చి చెప్పు. పీర్ల పండక్కి వచ్చినప్పుడల్లా రెండు గంటలు మాయమై కల్లుపాకకు పోతావే, ఈసారి ఆ రెండు గంటలు ఊరికివ్వు.

మా చెల్లెలికి నా ఆశీస్సులు. నీకు లేవు.

మీరా హుస్సేన్

గుంటూరు
21 జనవరి 2025

బావకు సలాం.

నీ ఉత్తరం మీ చెల్లెలు గట్టిగా చదివి వినిపించింది. సగం వినపడింది, అదే ఎక్కువైంది.

ఈ రిజిస్టరు వ్యవహారం నాకు నచ్చలేదు. ఎవడు ఎక్కడ ఏం చేశాడో రాసే పుస్తకం పోలీస్ స్టేషన్లో ఉంటుంది. ఫారెస్టువాళ్ళ చేతిలో పడితే ఊరంతా అద్దంకి కోర్టు చుట్టూ తిరగాలి. నా పేరు ఎక్కడైనా రాశావా? రాస్తే కొట్టెయ్.

మిర్చి యార్డులో సీజను. ధర పడిపోయింది, రైతులు కాయ తెచ్చి మొహం మొహం చూసుకుంటున్నారు. ఆ ఘాటుకి దగ్గుతూ కూర్చుని నీ వెక్కిరింతలు చదివే ఓపిక నాకు లేదు. నేను ఎన్నడూ కల్లు తాగలేదు. ఇది నలభయ్యోసారి చెప్పడం.

ఒకటి అడుగుతా, తిట్టకుండా జవాబు చెప్పు. మద్దుల వాగు పేజీలో ఏమీ లేదని రాశావు కదా, వాగుకి వెళ్ళే రాశావా?

మీ చెల్లెలికి మోకాళ్ళు నొప్పి. నువ్వు క్షేమమా అని అడగమంది. అడిగాను.

రహమాన్

గుండ్లవారిపాలెం
4 ఫిబ్రవరి 2025

బావా,

దొంగకు తేలు కుట్టినట్టుంది నీ ఉత్తరం. నీ పేరు కొట్టెయ్యమంటావు, మళ్ళీ వాగుకి వెళ్ళావా అని ఆరా తీస్తావు. వెళ్ళలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ దిక్కు చూడలేదు. శవం ఎక్కడ పడుందో తెలిసినవాడు రోజూ వెళ్ళి చూడనక్కర్లేదు.

ఇక్కడి విశేషం విను. వెంకటనారాయణ వచ్చాడు. అప్పట్లో సర్పంచి. నా గ్రంథాలయం నుంచి ఒక భారీ గ్రంథం తీసుకెళ్ళి, నడిమి ముప్ఫై పేజీలు చింపి, పొలంలో కూలీలకు పకోడీలు పొట్లాలు కట్టించి, మిగిలిన అట్టను బుద్ధిగా తిరిగిచ్చిన మహానుభావుడు. కర్ర పక్కన పెట్టి కూర్చుని "ఏరా మీరా, నేను కొండగొర్రెను చూశాను, రాసుకో" అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయిన కార్తీకంలో. పత్తి చేలో నిలబడి ఉంది."

"పత్తి చేను ఎక్కడ?"

"కొండకింద ఫారెస్టు హద్దు రాయి దాటాక..." అని ఆగాడు. అప్పటికే రాసేశాను. ఆ రాయి ఏటా రెండడుగులు కొండెక్కుతోందని ఊరందరికీ తెలుసు, కాగితం మీద పడటం ఇదే మొదలు. ఆ రోజు రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

మొన్న బీట్ ఆఫీసరు వచ్చి రిజిస్టరు తిరగేశాడు. పాపం కుర్రవాడు. "తాతగారూ, ఇది జంతువుల జాబితానా, ఊరి నేరాంగీకారమా?" అన్నాడు. "రెండూ ఒకేచోట ఉంటాయి నాయనా, అందుకే జంతువులు తగ్గాయి" అన్నాను. అతను నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ ఆదెయ్య నవ్వలేదు.

అసలు సంగతికొస్తాను. పోయిన బుధవారం మీ ముస్తాక్ టిప్పరు మా ఊళ్ళో కొండదారి మొదట ఆగి ఉంది. నా కళ్ళతో చూశాను. వాడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. తండ్రి కట్టెలు తోలాడు, కొడుకు రాయి తోలతాడు. కంపెనీతో బేరం ఎంతవరకు వచ్చింది? నువ్వు సభకు రానంటున్నది ఇందుకా?

జవాబు రాయకపోయినా జవాబు కిందే జమకడతాను.

మీరా హుస్సేన్

గుంటూరు
10 ఫిబ్రవరి 2025

బావా,

టిప్పరు కొండ కోసం రాలేదు. దేనికి వచ్చిందో చెప్పను, మీ చెల్లెలు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నా ఒట్ల మీద నీకు ఎలాగూ నమ్మకం లేదు.

వాడు మొహం తిప్పుకుంది నువ్వు తిడతావని. కంపెనీవాడెవడో మాకు తెలియదు.

వాగుకి వెళ్ళి చూడు.

రహమాన్

గుండ్లవారిపాలెం
24 ఫిబ్రవరి 2025

బావా,

ఈ ఉత్తరంలో నిన్ను తిట్టే ఓపిక లేదు. రెండో పేజీకి వస్తుందేమో చూద్దాం.

కంపెనీవాళ్ళు రిజిస్టరు నకలు సంపాదించారు. నూట పన్నెండు పేజీల్లో వాళ్ళకు పనికొచ్చింది ఒక్క పేజీ. అది నేను రాసింది. "మద్దుల వాగు: ఏమీ లేదు." ఎర్ర సిరాతో చుట్టి కలెక్టరాఫీసులో ఇచ్చారు. తవ్వకం ఆ వాగు నుంచే మొదలుపెడతారట. "అక్కడ ఏమీ లేదని మీ ఊరి రిజిస్టరే చెబుతోంది, ఆ మోళ్ళు ఏ తుమ్మలవో, ఒకప్పుడు అడవి ఉండేదనడానికైనా దాఖలా లేదు" అంటున్నారు. వాగు పోతే ఊరి బావులకు ఊట పోతుంది. కొండ నడుము విరుగుతుంది.

కోటేశ్వరి వచ్చి అరుగు మీద కూర్చుంది. టీ కూడా తాగింది. తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళేటప్పుడు "తాతయ్యా, ఆ పేజీ రాసేముందు వాగుకి వెళ్ళారు కదా?" అని అడిగింది. ఆ ప్రశ్న నువ్వు జనవరిలోనే అడిగావు.

ఇక ఊరు. రామమందిరం దగ్గర కూడి తీర్మానించుకున్నారు. నాలుగో గడి కొట్టేస్తేనే సంతకాలు పెడతారట. లేదంటే ఆ గడిలో నా సంగతి కూడా ఉండాలట. "అందరి దొంగతనాలూ రాశావు, నీదేది?" అని ఆదెయ్య అడిగాడు. కొండ నుంచి పుల్ల కూడా తేలేదన్నాను. నిజం. నాకు పొయ్యి కూడా సరిగా రాజెయ్యడం రాదు. ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పినప్పుడు నమ్మించుకోవడం నేను నేర్చుకోని విద్య.

అందుకని అడుగుతున్నాను. నువ్వు రావాలి. వచ్చి, "మద్దుల వాగులో పదకొండు నల్లమద్దులుండేవి, వాటిని నేనే కొట్టాను" అని సభలో చెప్పాలి. నన్ను ఇన్నేళ్ళు కాల్చిన నీ మాటతప్పడమే ఇప్పుడు ఈ కొండకున్న ఒకే సాక్ష్యం. ఇంత అవమానం నాకు జరిగే అవకాశం ఉందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

కర్ర ఏ బేరన్‌కు పోయిందో గుర్తుంటే అదీ చెప్పు. బూడిదైనా సరే.

మీరా హుస్సేన్

గుంటూరు
2 మార్చి 2025

బావకు,

మీ చెల్లెలు ఒట్టు విప్పింది. "ఇక చెప్పెయ్, మా అన్న పరువు కంటే కొండ పెద్దది" అంది. కూర్చుని చదువు.

నీ మద్దులు ఏ బేరన్‌కూ పోలేదు. నువ్వు గ్రంథాలయంలో చేరిన కొత్తల్లో పుస్తకాలు నేల మీద ఉండేవి, చెదలు తినేవి. గుర్తుందా? మీ చెల్లెలు మాబూబీ నిన్ను చూసి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. "మా అన్న ఆ పుస్తకాలు చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడు, నువ్వు కొండంత కర్ర తోలతావు, నాలుగు బల్లలు చేయించలేవా" అంది. నేను కుదరదన్నాను. బేరన్ కట్టెలో బీరువాలు అయ్యేది లేదు. చేవ ఉన్న కర్ర ఆ వాగులో తప్ప ఎక్కడా మిగల్లేదు. నేను ఒట్టేశానని చెప్పా. "ఒట్టు నా నెత్తిన వెయ్యి" అంది.

సర్పంచి వెంకటనారాయణ దగ్గరికెళ్ళాను. "వాడి పుస్తకం చింపిన పాపం నా మీదుంది, కొట్టించెయ్, ఊరి విరాళం అని చెబుదాం" అన్నాడు. అలా కొట్టాం. తొమ్మిది బీరువాలు, నీ టేబులు. ఆ టేబులు మీద మోచేతులు ఆన్చుకుని ఇరవై ఏళ్ళు నన్ను తిట్టావు. బీరువాలు వచ్చిన రోజు నువ్వు వాటిని చేత్తో నిమిరి "ఏం కర్రయ్యా ఇది" అన్నావు. ఇంక ఎలా చెప్పమంటావు?

ఇప్పుడు మీ గ్రంథాలయాన్ని గ్రామ సచివాలయంలోకి మార్చి, పాత సామాను వేలం వేశారు కదా. ముస్తాక్ టిప్పరు వచ్చింది దానికి. బీరువాలు, టేబులు అన్నీ మా ఇంట్లో ఉన్నాయి. నడవడానికి చోటు లేదు.

ఇంకొకటి. చెట్లు కొట్టేటప్పుడు మొదలంటా కొట్టనివ్వలేదు. మోకాలెత్తు వదిలాం. మద్ది మోడు చిగురేస్తుంది, మేకలు తినకపోతే. అందుకని ప్రతి పీర్ల పండక్కీ వచ్చి చుట్టూ కంప కట్టి పోతుంటా. రెండు గంటలు పట్టేది. నువ్వు కల్లుపాక అనేవాడివి. ఎవడూ ముట్టడన్నాను కదా. నేను ముట్టాక ఎవడూ ముట్టలేదు.

నేను సభకి రాను. నాకు వినపడదు, అందరూ నవ్వితే నన్నే అనుకుంటా. నీ టేబులు ముస్తాక్ తెస్తాడు. దాని పలకలో పిడుగు పడ్డ నల్ల చార ఉంటుంది. పెద్ద మోడులోనూ ఉంటుంది. కోటేశ్వరికి చూపించు.

వాగుకి వెళ్ళు. చెప్పులేసుకుని వెళ్ళు, కంప ఉంటుంది.

రహమాన్

గుండ్లవారిపాలెం
20 మార్చి 2025

బావా,

నీ ఉత్తరం ఐదో తారీఖున అందింది. ఆ పూటే బయలుదేరాను. షమీమ్ తోడొచ్చింది. దారిలో "నీకు తెలుసా?" అని అడిగితే, "ఊరందరికీ తెలుసు మామా. నీ ముందు ఆ వాగు పేరెత్తితే మూడు రోజులు చెవులు గింగురుమంటాయి, ఎవరు చెబుతారు? మొన్న చెబుదామన్నా, నీ నాలుగో గడి మీద అందరికీ కోపం" అంది.

లెక్కపెట్టాను. పదకొండు మోళ్ళ నుంచి ఇరవై ఏడు మానులు. రెండు చేతులూ చాచినా కొన్ని అందలేదు. బెరడు మొసలి వీపులా పగిలి ఉంది. కింద చీలమండ లోతు నీళ్ళు. చుట్టూ నీ కంప. దాన్ని కట్టిన పురికొస ముడి చూడగానే పోల్చుకున్నాను. మిరపకాయల టిక్కీ బస్తా మూతికి వేసే ముడి అది, గుంటూరు యార్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా కూర్చున్నవాడికి తప్ప రాదు. నేను అక్కడ కాసేపు కూర్చున్నాను. ఏం చేశానో షమీమ్‌ను అడగవద్దు. అడిగినా నీకు వినపడదు.

ఇక సభ. టేబులు టిప్పరులో దిగింది, పెళ్ళికూతురు దిగినట్టు. కంపెనీ తరఫున నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి వచ్చాడు. చెట్లున్నాయని కోటేశ్వరి ఫొటోలు చూపిస్తే, "అవి నిన్నగాక మొన్న మొలిచినవి, ఇక్కడ అడవి ఎప్పుడూ లేదు" అన్నాడు. ఆమె పెద్ద మోడు ఫొటోను టేబులు పక్కన పెట్టింది. రెండింటిలోనూ అదే నల్ల చార, అదే వంకర. మండలి నుంచి వచ్చిన వృక్షశాస్త్రం ఆయన పలక అడుగున గీరి చూసి, నల్లమద్దే అన్నాడు. కళ్ళద్దాలాయన ఎవరు కొట్టారో చెప్పమన్నాడు.

వెంకటనారాయణ కర్ర ఊతగా లేచాడు. "నేను కొట్టించాను. రాసుకోరా మీరా. పుస్తకం చింపింది కూడా నేనే, అది కూడా రాసుకో. కొండకింద నా పత్తి ఈ పంటతో ఆఖరు, రాయి వెనక్కి పాతిస్తా. ఇంకేమైనా ఉందా?"

ఉంది. ముప్ఫై పేజీలు తిరిగి ఇవ్వలేదు. కానీ సభామర్యాద కోసం ఊరుకున్నాను.

అప్పుడు ఆదెయ్య, "మరి తాత నాలుగో గడి?" అన్నాడు. రెండొందలమంది నా వైపు తిరిగారు. నేను ఆ టేబులు మీదే, నా మోచేతులు అరగదీసిన చోటే రిజిస్టరు పెట్టుకుని, మద్దుల వాగు పేజీలో పాతదాని కింద రాసి పైకి చదివాను.

"ఏం చూశారు: నల్లమద్దులు, ఇరవై ఏడు. ఎక్కడ: మద్దుల వాగు. ఎప్పుడు: 5 మార్చి 2025. ఆ సమయంలో మీరు ఏం చేస్తున్నారు: ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అలిగి ఉన్నాను. వాటి అన్నదమ్ముల మీద పుస్తకాలు పేర్చుకున్నాను."

నువ్వు రాకపోవడం మంచిదైంది. ఆ నవ్వు నీకు కూడా వినపడేది.

సంతకాలు సాయంత్రం దాకా సాగాయి. ఏ గడీ కొట్టెయ్యలేదు. దేవాంగపిల్లిని చూసినాయన భార్య కూడా సంతకం పెట్టింది, అతని కంటే ముందు. బీట్ ఆఫీసరు పాత తప్పులకు హెచ్చరిక రాసి వదిలాడు. మండలివాళ్ళు మొన్న వాగంతా తిరిగి వెళ్ళారు. ఉత్తర్వు ఇంకా రాలేదు, ప్రభుత్వం కదా, నా కంటే నిదానం. కానీ వాగులో కంపెనీ పాతిన సర్వే రాళ్ళు నిన్న పీకేశారు. కల్లంలో కాయలు తొక్కుతున్నవాళ్ళు కూడా పని ఆపి వెళ్ళి చూసొచ్చారు.

టేబులు వెనక్కి పంపడం లేదు. బీరువాలు నీ ఇంట్లోనే ఉంచుకో, నడవడానికి చోటు లేకపోవడం నీకు మంచిదే, పడిపోవు. మా చెల్లెలి మోకాళ్ళకు వెచ్చటి ఆవనూనె. వచ్చే పీర్ల పండక్కి కంప ఇద్దరం కడదాం. కల్లు నేను తెస్తాను.

మీరా హుస్సేన్

తా.క. రిజిస్టరులో ఐదో గడి గీశాను. "తెలిసి కూడా చెప్పనివారు." కోటేశ్వరి చూసి "ఇదెందుకు తాతయ్యా?" అంది. శాస్త్రీయంగా ఉంటుందన్నాను. నిజానికి అందులో ఊరంతా ఎక్కాలి, చోటు చాలదు. చెట్లు అడిగిన మా చెల్లెల్ని వదిలేశాను. కొట్టించినవాణ్ణి వదిలేశాను. మాట తప్పినవాణ్ణి కూడా, చిగుళ్ళు చూశాక, వదిలేశాను. కానీ ఇన్నేళ్ళు ప్రతి పండక్కీ నా ఇంట్లో అన్నం తిని, నా తిట్లు తిని, చేతులకు ముళ్ళు గుచ్చుకుని వచ్చి, ఒక్క మాట చెప్పకుండా నా చేత "ఏమీ లేదు" అని రాయించినవాడు ఒకడున్నాడు. వాణ్ణి వదలను. పేరు పూర్తిగా, నా మంచి చేతిరాతతో రాశాను: నూర్‌బాషా రహమాన్, మిర్చి యార్డు, గుంటూరు.